గాయపడిన జవాను వెనుక అమ్మానాన్నలు: అసలు పని మూడో నెలలో మొదలవుతుంది

కశ్మీర్ నుంచో ఈశాన్య సరిహద్దు నుంచో యూనిట్ ఫోన్ రాగానే గుంటూరు, కృష్ణా పల్లెల్లో ఏ ఇల్లయినా ఒకేలా కదులుతుంది. చేతిలో ఉన్న డబ్బంతా తీసుకుని, చాలకపోతే బంగారం కుదువబెట్టి, అయిదారుగురు రైలెక్కుతారు. పది రోజులు ఆసుపత్రి గేటు దగ్గర పడిగాపులు కాస్తారు. డబ్బు, సెలవు, ఓపిక మూడూ అయిపోయాక, బిడ్డ ప్రాణానికి ఢోకా లేదన్న మాట విని వెనక్కి వస్తారు. బిడ్డకు వాళ్ళతో అవసరం పెరిగేది సరిగ్గా అక్కడినుంచే. తొలి రోజుల భారమంతా సర్జన్లది, నర్సులది. తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతి ఆరు నెలలు, ఒక్కోసారి రెండేళ్ళు. ఏ దశలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే, ఉన్న శక్తిని, డబ్బును సరైన చోట ఖర్చు పెట్టుకోవచ్చు.

ఫోన్ వచ్చిన రాత్రి

ఆ కంగారులో "బాగానే ఉన్నాడా?" అన్న ఒక్క ప్రశ్నే నోటికొస్తుంది. అవతలి మనిషి "బాగానే ఉన్నాడు" అంటాడు, ఫోన్ అయిపోతుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇప్పుడు ఏ ఆసుపత్రిలో ఉన్నాడు, ఏ వార్డు? డీఐఎల్‌లో పెట్టారా, ఎస్ఐఎల్‌లో పెట్టారా? డీఐఎల్ అంటే ప్రాణాపాయం ఉన్నవారి జాబితా. ఎస్ఐఎల్ అంటే పరిస్థితి తీవ్రంగా ఉన్నా అంతటి ముప్పు లేనివారి జాబితా. రెండు రోజుల్లో మరో ఆసుపత్రికి తరలించే ఆలోచన ఉందా? యూనిట్ తరఫున ఎవరితో మాట్లాడాలి, ఆయన నంబరు ఏమిటి? బంధువుల ప్రయాణానికి రైలు వారెంటు, అంటే టికెట్టు డబ్బు లేకుండా వెళ్ళే పత్రం, ఇస్తారేమో కూడా అప్పుడే అడగాలి.

తరలింపు సంగతి తెలుసుకోకుండా టికెట్టు కొనకూడదు. సైన్యంలో గాయపడిన మనిషి ఒకేచోట ఉండడు. ముందు దగ్గరి పోస్టులో రక్తం ఆపి, ఫీల్డ్ ఆసుపత్రిలో అత్యవసర ఆపరేషన్ చేసి, హెలికాప్టర్లో శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్‌కో ఉధంపూర్ కమాండ్ హాస్పిటల్‌కో చేరుస్తారు. అక్కడినుంచి ఢిల్లీలోని ఆర్మీ హాస్పిటల్ రీసెర్చ్ అండ్ రెఫరల్‌కు పంపవచ్చు. అందరూ దాన్ని 'ఆర్ అండ్ ఆర్' అంటారు. కాలో చెయ్యో పోతే తర్వాతి మజిలీ పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్. వెన్నుపాము దెబ్బతింటే పుణె ఖడ్కీలోని మిలిటరీ ఆసుపత్రి. కుటుంబం విజయవాడలో రైలెక్కి జమ్మూలో దిగేసరికి కొడుకు ఢిల్లీలో ఉండటం అరుదేమీ కాదు. గన్నవరం నుంచి ఢిల్లీకి నేరుగా విమానం ఉంది, పుణెకు విజయవాడ మీదుగా కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది. యూనిట్ మాట విన్నాక ఒక పూట ఆగి బయలుదేరితేనే త్వరగా చేరతారు.

వెళ్ళేది ఇద్దరు చాలు. అందులో ఒకరికి హిందీ రావాలి. బావమరిదో మేనల్లుడో, పొరుగునున్న మాజీ సైనికుడో అయినా ఫరవాలేదు. ఆధార్, డిపెండెంట్ కార్డు, జవాను సర్వీసు నంబరు రాసిన కాగితం, తమ బీపీ, షుగర్ మాత్రలు నెలకు సరిపడా, ఇవి సంచిలో ఉండాలి. కొడుకు మంచం పక్కన మందులు మానేసి తండ్రి పడిపోతే ఆ ఇంటికి రెండో రోగి తయారవుతాడు.

"ఆపరేషన్‌కు డబ్బు కట్టాలి, ఈ నంబరుకు పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయాలి. మిలిటరీ ఆసుపత్రిలో జవాను చికిత్సకు ఇంటివాళ్ళను డబ్బు అడగరు. ఇలాంటి వార్తలు పేపర్లో పడ్డ మర్నాడే మోసగాళ్ళు నంబర్లు వెతుకుతారు. కొడుకు వార్డు నంబరు, ఫొటో, గాయం వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకపోవడానికి ఇదొక కారణం. యూనిట్ ఎక్కడుందో బయటపడటం మరో కారణం.

గాయాన్ని ఎందుకు కుట్టకుండా వదిలేశారు?

ఐసీయూ బయట కూర్చున్న తండ్రిని ఎక్కువగా భయపెట్టేది ఇదే. నాలుగు రోజులైనా గాయం తెరిచే ఉంది, రోజు మార్చి రోజు థియేటర్‌కు తీసుకెళ్తున్నారు. ఏదో చెడిపోయిందని, డాక్టర్లు దాస్తున్నారని అనుమానం మొదలవుతుంది. నిజానికి పేలుడు గాయానికి చేయాల్సిన పద్ధతే అది. మందుపాతర పేలినప్పుడు మట్టి, బూటు ముక్కలు, గుడ్డ పీలికలు కండరాల పొరల మధ్యనుంచి పైకి దూసుకుపోతాయి. పైకి కనిపించే గాయం కన్నా లోపల చాలా పైవరకు మురికి ఉంటుంది. దాన్ని మొదటి రోజే కుట్టేస్తే లోపల చీము పట్టి కాలంతా పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అందుకే చచ్చిపోయిన కండను కోసి, కడిగి, తెరిచి ఉంచుతారు. 24 నుంచి 72 గంటల తేడాతో మళ్ళీ చూస్తారు. అంతా శుభ్రంగా ఉందని తేలాకే మూస్తారు. గాయం మీద నురుగులాంటి స్పాంజి పెట్టి గొట్టంతో సన్నగా పీల్చే యంత్రం కనిపిస్తే అది వ్యాక్ డ్రెస్సింగ్.

కాలు ముందు పాదం దగ్గర తీసి, వారం తర్వాత ఇంకాస్త పైన తీయాల్సి రావడం కూడా ఇలాంటిదే. కండరం బతికి ఉందో లేదో మొదటి రోజు పూర్తిగా తేలదు. ఈ విషయం ముందే తెలిసిన తండ్రి రెండోసారి సంతకం పెట్టేటప్పుడు నిలదొక్కుకోగలడు. తెలియనివాడు వార్డులో గొడవపడతాడు, ఆ గొడవ కొడుకు వింటాడు.

తుపాకీ గుండు ముక్కలు, పేలుడులో దూసుకొచ్చిన లోహపు ముక్కలు (స్ప్లింటర్లు) అన్నీ తీయరు. నరానికో రక్తనాళానికో ఆనుకుని ఉన్న చిన్న ముక్కను తీయబోతే జరిగే నష్టమే ఎక్కువ. లోపల ఏ భాగంలో లోహం మిగిలిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఎక్స్‌రే సీడీలతో కలిపి దాచుకోవాలి. అయిదేళ్ళ తర్వాత విజయవాడలో ఏ నడుం నొప్పికో ఎంఆర్ఐ రాస్తే, ఆ గదిలోకి వెళ్ళేముందు ఈ కాగితం చూపించాల్సిందే. అయస్కాంతానికి లోపలి ఇనుప ముక్క కదలగలదు.

ఈ రోజుల్లో తల్లిదండ్రులు చేయగలిగింది కొంచెమే, కానీ అది ఇంకెవరూ చేయలేరు. మత్తు మందుల్లోంచి తేరుకుంటున్నవాడు ఎక్కడున్నాడో తెలియక తికమకపడతాడు, గొట్టాలు పీక్కుంటాడు, ఎదుట లేని మనుషులతో మాట్లాడతాడు. దీన్ని డెలీరియం అంటారు. చుట్టూ హిందీ, పైన ఎప్పుడూ వెలిగే లైట్లు. అప్పుడు తెలుగులో, నెమ్మదిగా, పేరు పెట్టి పిలిచి, "ఇది ఢిల్లీ ఆసుపత్రి, ఈ రోజు మంగళవారం, నేను మీ నాన్నని" అని పూటకు నాలుగుసార్లు చెప్పడం మందుతో సమానంగా పనిచేస్తుంది. కళ్ళజోడు ఉంటే పెట్టాలి. ఏడవడం, ఆ రోజు ఏం జరిగిందని అడగడం అప్పుడు వద్దు.

పేలుడు దగ్గర ఉన్నవాళ్ళలో చాలామందికి కర్ణభేరి చిరుగుతుంది. కొడుకు పలకడం లేదంటే అలిగాడనో తలకు దెబ్బతగిలిందనో అనుకోకుండా, ఎదురుగా నిలబడి పెదవులు కనిపించేలా మాట్లాడాలి. చెవిలో నూనె చుక్కలు వేయడం మన ఇళ్ళలో అలవాటు. చిరిగిన కర్ణభేరిలో నూనె గానీ నీళ్ళు గానీ పడితే లోపల చీము పడుతుంది. తలస్నానం చేయించేటప్పుడు వాజిలిన్ పూసిన దూది అడ్డు పెట్టాలి.

మిలిటరీ వార్డులో నర్సులు ఆఫీసర్లు. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ హోదాల్లో ఉంటారు. డ్రెస్సింగులు, మంచం పనులు నర్సింగ్ అసిస్టెంట్లు చూస్తారు. ఇంటివాళ్ళు రాత్రీ పగలూ మంచం పక్కనే ఉండే పద్ధతి చాలా వార్డుల్లో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. డాక్టరు రౌండు ఎప్పుడో కనుక్కుని, అడగాల్సినవి ముందురోజే రాసుకుని, ఇద్దరిలో ఒకరే మాట్లాడితే వివరంగా చెబుతారు. అయిదుగురు అయిదుసార్లు అడిగితే ఎవరికీ సరైన జవాబు దొరకదు. పెళ్ళయిన జవాను విషయంలో రికార్డుల్లో నెక్స్ట్ ఆఫ్ కిన్‌గా, అంటే అందరికన్నా దగ్గరి బంధువుగా, సాధారణంగా భార్య పేరుంటుంది. ఆసుపత్రి ముందు ఆమెకే చెబుతుంది. దీన్ని అవమానంగా తీసుకుని వియ్యాలవారితో పేచీ పెట్టుకున్న ఇళ్ళలో నలిగిపోయేది మంచం మీద ఉన్నవాడే. కోడలిని ముందు నిలబెట్టి, అత్తమామలు వెనక ఉండటమే సరైన పద్ధతి.

పథ్యం చేసే నష్టం

తెలుగు తల్లులు ప్రేమతో చేసే పనుల్లో గాయానికి ఎక్కువ కీడు చేసేది పథ్యం. గుడ్డు తింటే చీము, పప్పు తింటే చీము, కోడికూర వేడి, పెరుగు జలుబు అని ఒక్కొక్కటీ తీసేసి చివరికి చారన్నం, బ్రెడ్డు మిగులుస్తారు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. పప్పుకూ గుడ్డుకూ దానితో సంబంధం లేదు. పైగా కొత్త కండ, కొత్త చర్మం కట్టడానికి శరీరానికి కావాల్సిన ముడిసరుకు మాంసకృత్తులే. పెద్ద గాయమున్న మనిషికి రోజుకు, ఒంటి బరువులో ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కాలిన గాయాలుంటే ఇంకా ఎక్కువ. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు.

చారన్నంతో ఆ లెక్క తేలదు. మూడు గుడ్లు 18 గ్రాములు, అర లీటరు పాలు 16, వండిన కోడిమాంసం 100 గ్రాములకు 25 పైన, రెండు గిన్నెల ముద్దపప్పు 14, ఒక పెద్ద కప్పు పెరుగు 7, రోజంతా తినే అన్నం, రొట్టెల నుంచి మరో 10. ఇలా కూడితే 90 అందుతుంది. మాంసం తిననివాళ్ళకు పాలు, పెరుగు, పనీరు, వేరుశనగ పెంచాలి. గుంటూరు నుంచి మోసుకెళ్ళదగిన వాటిలో సున్నుండలు, పల్లీ ఉండలు, నువ్వులుండలు అన్నిటికన్నా మేలు. మినుములో, పల్లీలో మాంసకృత్తులున్నాయి, నెయ్యి, బెల్లంలో శక్తి ఉంది, పది రోజులు నిలవ ఉంటాయి. యాంటీబయాటిక్స్‌తో నోరు చచ్చినవాడికి అన్నంలో వేలెడంత గోంగూర పచ్చడి కలిపితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. దవడకో పొట్టకో గాయం లేకపోతే, డాక్టరు వద్దనకపోతే, ఆ మాత్రానికి అడ్డు చెప్పనక్కర్లేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు, పేగు ఆపరేషన్ అయినవాళ్ళకు లెక్క వేరు. బయటి తిండి ఏదైనా వార్డు సిస్టర్‌కు చూపించాకే ఇవ్వాలి.

రక్తం చాలా పోయి ఉంటుంది కాబట్టి ఇనుము మాత్రలు ఇస్తారు. వాటిని టీతో మింగితే ఒంటికి పట్టవు. నిమ్మరసంతోనో జామకాయతోనో తీసుకుంటే బాగా పడతాయి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, మార్ఫిన్ రకం మందులతో మలబద్ధకం ఖాయం. దాన్ని చెప్పుకోవడానికి జవాన్లు సిగ్గుపడతారు, తిండి తగ్గించేస్తారు. "తినడం లేదు" అని దిగులుపడే ముందు ఈ ప్రశ్న అడగాలి. ఇక సిగరెట్టు. ఎముక అతుక్కోవడాన్ని పొగాకు బాగా ఆలస్యం చేస్తుంది. బాధలో ఉన్నాడు, ఒక్కటి కాల్చుకోనిద్దాం అని జాలిపడి తెచ్చిచ్చే బంధువును వార్డు దరిదాపులకు రానివ్వకూడదు.

మూడో నెల

గాయం మానింది, గొట్టాలు తీశారు, ఫోన్లో మామూలుగా మాట్లాడుతున్నాడు. బంధువుల ఫోన్లు ఆగిపోతాయి. లోపల మనిషి కుంగేది ఈ రోజుల్లోనే. తన సెక్షన్‌లో వాళ్ళు డ్యూటీలో ఉన్నారు, తాను మంచం మీద ఉన్నాడు. పోయిన కాలు ఇక రాదన్న నిజం ఇప్పుడే మనసుకు ఎక్కుతుంది. మిర్చి రైతు కుటుంబమైతే జనవరి నుంచి కోతలు, కల్లాలు, యార్డు పనులు, తండ్రి కదలలేడు. అలాంటప్పుడు తొలి పది రోజుల్లో అయిదుగురు వెళ్ళే బదులు, నెలకొకరు చొప్పున వారం పది రోజులు ఉండేలా ముందే పంచుకుంటే ఖర్చు అంతే అవుతుంది, తోడు ఆరు నెలలు దొరుకుతుంది.

ఈ దశలో ఇంటివాళ్ళ చేతిలో నిజమైన వైద్యం ఉంటుంది. మోకాలి కింద కాలు తీసినవారిని తీసుకుంటే, నొప్పిగా ఉందని తల్లి మోకాలి కింద దిండు పెడుతుంది. రెండు మూడు వారాలు అలా పడుకుంటే మోకాలు వంగిన భంగిమలోనే బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి కృత్రిమ కాలు ఇచ్చినా నిటారుగా నిలబడటం కుదరదు. తొడ దగ్గర తీసినవారికి తుంటి ఇలాగే బిగుస్తుంది. కాబట్టి దిండు వద్దు, కాలు మంచం అంచున వేలాడేసి కూర్చోవడం వద్దు, చక్రాల కుర్చీలో మోకాలు చాపి పలక మీద ఆనించాలి. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాలు బోర్లా పడుకోవాలి.

మిగిలిన కాలి భాగాన్ని స్టంప్ అంటారు. దానికి ఎలాస్టిక్ క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. కొసన గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. గుండ్రంగా చుట్టితే మధ్యలో తాడు బిగించినట్టయి కొసలో వాపు చేరుతుంది. రోజులో కొన్నిసార్లు విప్పి మళ్ళీ చుట్టాలి, నిద్రలో కూడా ఉంచాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర తల్లి గానీ తండ్రి గానీ తమ చేత్తో చుట్టి చూపించి సరే అనిపించుకున్నాకే ఇంటికి బయలుదేరాలి. కడగటం రాత్రిపూట మంచిది. పొద్దున్నే కడిగి తడి ఆరకముందే కృత్రిమ కాలు తొడిగితే చర్మం ఒరుసుకుపోతుంది. నూనె, పౌడరు రాయకూడదు, వెంట్రుకలు గీయకూడదు.

లేని పాదం మండుతోందని, వేళ్ళు మెలితిరుగుతున్నాయని అంటాడు. అది భ్రమ కాదు, మెదడులో ఆ పాదానికి కేటాయించిన చోటు ఇంకా పనిచేస్తోంది. మందులున్నాయి, అద్దం ముందు మంచి కాలిని కదిలిస్తూ చూసే వ్యాయామం ఉంది, స్టంప్‌ను మెత్తటి గుడ్డతో, తర్వాత కాస్త గరుకు గుడ్డతో రుద్ది అలవాటు చేసే పద్ధతి ఉంది. "కాలే లేదు, నొప్పేంటి నాన్నా?" అన్న మాట ఒక్కసారి విన్నవాడు మళ్ళీ చెప్పుకోడు.

ఫిజియోథెరపీ ముందు నొప్పి మాత్ర విషయంలో ఇళ్ళలో పొరపాటు అవగాహన ఉంది. మాత్ర అలవాటైపోతుందని ఓర్చుకోమంటారు. నొప్పితో కీలు కదపకపోతే అది బిగుసుకుంటుంది, అప్పుడు విడదీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలి. డాక్టరు రాసిన మాత్రను వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు ఇస్తే ఆ పూట పని పూర్తవుతుంది.

పుణె సెంటర్ 1944 నుంచి కృత్రిమ అవయవాలే పనిగా నడుస్తోంది. అక్కడ స్టంప్ వాపు తగ్గి ఆకారం నిలకడపడ్డాక అచ్చు తీస్తారు, స్టంప్ ఇమిడే తొడుగు చేస్తారు, దాన్ని సాకెట్ అంటారు, రెండు కడ్డీల మధ్య నిలబెట్టి నడక నేర్పుతారు. మొదటి సాకెట్ కొన్ని నెలలకే వదులవుతుంది, ఎందుకంటే స్టంప్ ఏడాదిపాటు చిక్కుతూనే ఉంటుంది. ముందు సాక్సుల పొరలు పెంచి సర్దుకుంటారు, తర్వాత కొత్త సాకెట్ చేయించుకోవాలి. అంటే రెండోసారి పుణె ప్రయాణం ఖర్చు మొదటి రోజునుంచే లెక్కలో ఉండాలి. కాలు వదులైందని అటక మీద పెట్టేసి కర్రలతోనే తిరిగేవాళ్ళు ఇక్కడే తప్పిపోతారు.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి మొదటి శత్రువు పుండ్లు. మంచంలో ప్రతి 2 గంటలకు పక్క మార్చాలి. కుర్చీలో 15 నుంచి 30 నిమిషాలకోసారి చేతుల మీద బరువు మోపి పిరుదులు పైకెత్తాలి. గాలి నింపే గుండ్రటి రింగులు వాడకూడదు, అవి చుట్టూ రక్తప్రసరణను నొక్కేస్తాయి. త్రికాస్థి (నడుం కింద, పిరుదుల మధ్య ఎముక), మడమలు, తుంటి పక్కలు రోజూ చూడాలి. నొక్కినా తెల్లబడని ఎర్ర మచ్చ కనిపిస్తే, అది మాయమయ్యేదాకా ఆ చోటు మీద బరువు పడకూడదు. మూత్రం సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. ఛాతీ మధ్య భాగానికి పైన వెన్ను దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు పడితే రక్తపోటు ఒక్కసారిగా పెరిగిందని అర్థం. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూసి, డాక్టర్ని పిలవాలి. పడుకోబెట్టకూడదు. మామూలు తలనొప్పి అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టడం వల్ల మెదడులో రక్తస్రావం జరగవచ్చు.

తలకు దెబ్బతగిలినవారికి మూర్ఛ రావచ్చు. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం రెండూ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

మనసు సంగతి వేరుగా చెప్పుకోవాలి. పీడకలతో ఉలిక్కిపడేవాడిని తట్టి లేపకూడదు, మంచానికి దూరంగా నిలబడి పేరుతో పిలవాలి. మీద పడ్డ చెయ్యి ఎవరిదో తెలియని ఆ క్షణంలో వాడు కొట్టవచ్చు, తర్వాత దానికి కుమిలిపోతాడు. కథ అడగవద్దు, చెబితే ఆపవద్దు. తన పక్కనే చనిపోయిన స్నేహితుడి పేరు పదేపదే తెస్తుంటే, "పోనీలే, నువ్వు బతికావు" అనడం ఓదార్పు కాదు. నిద్ర లేకపోవడం, తాగుడు పెరగడం, బతికి ఉపయోగం లేదన్న మాట, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆసుపత్రి సైకియాట్రిస్టుకు చెప్పాలి. ఇంటికి వచ్చాకైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంత ఓపిక ఎందుకంటే, ఈ బాట పొడవు అలాంటిది. నాగాలాండ్‌కు చెందిన హొకాటో సెమా 2002లో కశ్మీర్‌లో మందుపాతర పేలి ఎడమ కాలు పోగొట్టుకున్న జవాను. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం గెలిచారు. మధ్యలో 22 ఏళ్ళున్నాయి.

కాగితాలు

పింఛను సంగతి గాయం వారంలోనే మాట్లాడటం చాలామందికి మనసొప్పదు. ఒప్పకపోయినా ఒక్క కాగితం మాత్రం అప్పుడే చూసుకోవాలి. అది గాయం రిపోర్టు, ఫారం నంబరు ఐఏఎఫ్‌వై 2006. గాయం ఎక్కడ, ఏ పనిలో ఉండగా, ఎలా తగిలిందో అందులో కమాండింగ్ ఆఫీసర్ రాస్తారు. తర్వాత ఏ మెడికల్ బోర్డయినా ముందు దాన్నే చూస్తుంది. ఎడమ, కుడి తారుమారైనా, రెండు గాయాల్లో ఒకటి రాయడం మరిచిపోయినా, చెవి దెబ్బ నమోదు కాకపోయినా తర్వాత సరిచేయించడం చాలా కష్టం. శత్రు చర్యలోనో ఉగ్రవాదులతో పోరులోనో తగిలితే బ్యాటిల్ క్యాజువాలిటీ. డ్యూటీలో వాహనం బోల్తా పడితే ఫిజికల్ క్యాజువాలిటీ. సెలవులో ఇంటికొచ్చి మంగళగిరి దగ్గర బైకు మీదనుంచి పడితే, ఆ గాయానికీ సర్వీసుకూ సంబంధం చూపించడం దాదాపు అసాధ్యం. బ్యాటిల్ క్యాజువాలిటీగా నమోదైతే యుద్ధ గాయ పింఛను వస్తుంది, అది మామూలు వైకల్య పింఛను కన్నా బాగా ఎక్కువ.

గాయపడ్డ ప్రతివాడినీ సైన్యం ఇంటికి పంపదు. జవాను ఆరోగ్యాన్ని అంచనా వేసే షేప్ అనే పద్ధతిలో మెడికల్ కేటగిరీ తగ్గించి, ముందు తాత్కాలికంగా, తరచూ 24 వారాలకు, ఆపైన శాశ్వతంగా ఇచ్చి, తేలికపాటి పనిలో కొనసాగించే వీలుంది. ఇక్కడ తల్లిదండ్రుల తొందర నష్టం చేస్తుంది. "చాలు నాన్నా, వచ్చెయ్" అన్న ఒత్తిడితో, తేలిక పని వద్దని కాగితం మీద సంతకం పెడితే, ఆ సంతకం తర్వాత పింఛను లెక్కను తాకవచ్చు. ఆ నిర్ణయం జవానుదే, చదివి, రికార్డు ఆఫీసుతో మాట్లాడి తీసుకోవాల్సింది. సర్వీసుకు పనికిరాడని ఇంటికి పంపేటప్పుడు కూర్చునే ఇన్వాలిడ్ బోర్డు వైకల్యాన్ని శాతాల్లో తేలుస్తుంది. 50 లోపుంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. వైకల్య పింఛను రావాలంటే సాధారణంగా కనీసం 20 శాతం ఉండాలి. 100 శాతం ఉండి మరొకరి తోడు లేకుండా గడవనివారికి సహాయకుడి భత్యం వేరుగా ఉంది.

2022 నుంచి చేరుతున్న అగ్నివీరుల లెక్క వేరు. సర్వీసు వల్ల కలిగిన వైకల్యానికి 100, 75, 50 శాతాలకు వరసగా 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. మామూలు జవానుల పింఛను లెక్కలు వాట్సాప్‌లో చూసి ఆశపడటం గానీ భయపడటం గానీ ఈ ఇళ్ళలో ఎక్కువ. బ్యాంకు ఖాతా, నామినీ, భార్య పేరు నమోదు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటే చాలావరకు సాఫీగా జరుగుతుంది. ఊరికి వచ్చాక గుంటూరులో, విజయవాడలో ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు దరఖాస్తులు నింపిస్తాయి. మిలిటరీ బోర్డు ఇచ్చిన శాతంతో రాష్ట్ర పథకాలకు నేరుగా పని జరగదు, సదరం శిబిరంలో విడిగా ధ్రువపత్రం తీసుకోవాలి.

ఇంకొక గందరగోళం. సిక్ లీవులో ఇంటికొచ్చిన జవానును ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు తీసుకెళ్తారు. అది పింఛను తీసుకునే మాజీ సైనికుల కోసం, సర్వీసులో ఉన్నవాడికి వర్తించదు. అత్యవసరమైతే గుంటూరు జీజీహెచ్ గానీ మంగళగిరి ఎయిమ్స్ గానీ దగ్గరున్న ఏ పెద్దాసుపత్రి అయినా సరే, ముందు ప్రాణం చూసుకోవాలి. అదే రోజు యూనిట్‌కు ఫోన్ చేసి చెప్పి, సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రికో విశాఖలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికో ఎలా చేర్చాలో అడగాలి. చెప్పకపోతే బిల్లు తిరిగి రావడమూ కష్టం, సెలవు లెక్క కూడా చిక్కుపడుతుంది.

బెజవాడ ఎండ, బెజవాడ మెట్లు

ఇంటికి తెచ్చే తేదీ ఖాయం కాకముందే ఇల్లు కొలవాలి. చక్రాల కుర్చీ వెడల్పు దాదాపు 65 సెంటీమీటర్లు, తలుపు కనీసం 80 ఉండాలి, 90 ఉంటే చేతులు గీసుకోవు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు. గుమ్మం ముందు అరడుగు మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర, దానికి 18 అడుగుల ర్యాంపు కావాలి. మేస్త్రీలు చోటు లేదని ఆరేడు అడుగుల్లో దించేస్తారు. దాని మీద కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు ముందుకు బోల్తా కొడుతుంది. చోటు లేకపోతే ఎల్ ఆకారంలో, మలుపులో చదునైన అరుగుతో కట్టించాలి. రెండు పక్కలా కమ్మీలకు ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులు కొలత ఇస్తే చేసిపెడతాయి. కింద కూర్చునే మరుగుదొడ్డి స్థానంలో కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, స్నానాల గదిలో జారని నేల తప్పనిసరి.

గుణదల, మాచవరం, వన్‌టౌన్ కొండల మీది ఇళ్ళకు దారి మెట్లే. అక్కడికి కుర్చీ రాదు. ఇద్దరు మోసుకెళ్ళడం నాలుగు రోజులు నడుస్తుంది, తర్వాత వాడు బయటికి రావడం మానేస్తాడు. ఇలాంటి కుటుంబం సొంతిల్లు అద్దెకిచ్చి కింద నేలమీది ఇంట్లో అద్దెకుండటం మేలు. సొంతింటి మీద మమకారం ఎంతున్నా సరే.

ఈ ప్రాంతపు ఎండను లెక్కలోకి తీసుకోని డిశ్చార్జి సలహాలే ఎక్కువ. పైభాగంలో వెన్ను తెగినవారికి దెబ్బ కిందిభాగంలో చెమట పట్టదు, ఒళ్ళు చల్లబడదు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం వాళ్ళకు వడదెబ్బ మిగతావారికన్నా చాలా త్వరగా తగులుతుంది. తడిగుడ్డ, నీళ్ళు చిమ్మే సీసా, ఇన్వర్టరు మీద ఫ్యాను దగ్గరుండాలి. ఎండలో నిలిపిన కుర్చీ సీటును చేత్తో తాకి చూశాకే కూర్చోబెట్టాలి. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు, బైకు సైలెన్సరు తగిలినా అంతే. కృత్రిమ కాలు వాడేవారికి సాకెట్ లోపల చెమట చేరి కాలు జారుతుంది, పొక్కులొస్తాయి. వేసవిలో మూడు నాలుగు గంటలకోసారి విప్పి, తుడిచి, ఆరిన సాక్సు తొడగాలి. పొక్కు వస్తే అది మానేదాకా ఆ కాలు తొడగకూడదు, పట్టుదలతో నడిస్తే వారంలో తగ్గేది నెలకు పోతుంది.

రాత్రిళ్ళు నిద్రమత్తులో కాలు లేదన్న సంగతి మరిచి దిగబోయి పడిపోవడం మొదటి నెలల్లో తరచూ జరుగుతుంది. చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, చంకకర్రలు చేతికందేలా మంచానికి ఆనించి ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గాయం నుంచి వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఊళ్ళోకి రాగానే దండలు, బాణసంచా, వేదిక మీద సన్మానం సిద్ధం చేస్తారు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ పేలుడులో గాయపడ్డవాడి చెవిలో టపాకాయ పేల్చడం ఎలా ఉంటుందో నిర్వాహకులకు ఎవరైనా చెప్పాలి. ఆ మాట సర్పంచికి, యువజన సంఘానికి ముందే వెళ్ళి చెప్పాల్సింది తండ్రే. కార్యక్రమం ఇష్టమో కాదో కొడుకును అడిగాకే ఒప్పుకోవాలి. దీపావళి రాత్రి తలుపులు మూసిన గదిలో తోడు కూర్చోవాలా, ఊరికి దూరంగా ఏ చుట్టాలింటికో వెళ్ళాలా అన్నది కూడా వాడినే అడగాలి. స్నానం, షేవింగు, బ్యాంకు పని, తన మందులు తాను తీసుకోవడం, వీటిలో ఏవి ఈ నెల నుంచి తన చేతికి వదిలేయమంటాడో అడిగి, ఎంత ఆలస్యమైనా మధ్యలో చెయ్యి పెట్టకుండా ఉండటం తల్లికి అన్నిటికన్నా కష్టమైన పని. బొత్తాలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడితే పది నిమిషాలూ ఆగాలి.